ఇంట్లో పెద్దవాళ్లున్నారు, కోవిడ్ మళ్లీ పెరిగితే: ఏం కొనాలి, ఏం చేయాలి, ఎలా సరిచూసుకోవాలి

"అక్కా, మళ్లీ కేసులు పెరుగుతున్నయంటున్నరు. బజార్ల ఒక్కరికీ మాస్క్ లేదు. ఇంట్ల అమ్మకు షుగర్. ఇప్పుడు మేమేం చెయ్యాలె?"

హనుమకొండ నుంచి, పరకాల నుంచి, జనగామ నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇదే. నేను డాక్టర్‌ను కాను. 2021లో మా వీధిలో జ్వరమొచ్చిన ఇళ్లకు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ పట్టుకుని తిరిగినదాన్ని, మా ఇంట్లో రోగులను చూసుకున్నదాన్ని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కష్టమవుతోంది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

2021 ఏప్రిల్‌లో మాస్క్ లేకుండా బయటికొస్తే మన తెలంగాణలో 1,000 రూపాయల జరిమానా ఉండేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించాక జనం కూడా ఆ మాటే వదిలేశారు. కానీ ఆ తర్వాత 2023 డిసెంబర్‌లో, 2025 మే-జూన్‌లో దేశంలో కేసులు మళ్లీ పెరిగాయి. చాలామందికి అది సర్దిలాగా వచ్చి పోతుంది, నిజమే. డయాలసిస్‌కు పోయే పెద్దాయనకు, గుండెకు స్టెంట్ వేసిన అమ్మకు అలా పోతుందని నమ్మకం లేదు. ఊరంతా మళ్లీ జాగ్రత్తపడేదాకా మనం ఆగలేం. మీ ఇంట్లో ఎవరికి వస్తే ప్రమాదమో ఆ మనిషిని మధ్యలో పెట్టుకుని ఇంటి పద్ధతులు మార్చుకోండి. కింద రాసిందంతా ఆ లెక్కతోనే.

ముందుగా తెచ్చి పెట్టుకోవాల్సినవి

పల్స్ ఆక్సీమీటర్ ఒకటి, దానికి కొత్త బ్యాటరీలు. డిజిటల్ థర్మామీటర్. ఇంట్లో చేసుకునే యాంటీజెన్ టెస్ట్ కిట్లు మూడు. మనిషికి ఐదు చొప్పున ఎన్95 మాస్కులు. పారాసిటమాల్ ఒక షీటు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. షుగర్ ఉన్నవాళ్లుంటే గ్లూకోమీటర్, దాని స్ట్రిప్పులు. ఒక నోట్‌బుక్, పెన్ను. రోజూ వాడే మందుల చీటీలకు ఫోన్లో ఫొటోలు.

టెస్ట్ కిట్ల విషయంలో ఒక జాగ్రత్త. చాలా కిట్లను 30 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టొద్దని పెట్టె మీదే రాసి ఉంటుంది. మన దగ్గర మే నెలలో రేకుల ఇంట్లో, కారు డాష్‌బోర్డు మీద ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో చల్లటి మూల చూసి పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే వాడే ముందు తీసి గది వేడికి వచ్చేదాకా ఆగండి. కొనేటప్పుడే గడువు తేదీ చూడండి. పాత కిట్లు పోయినసారివి మిగిలి ఉంటే వాటిని నమ్ముకోవద్దు.

1. ఎవరిని కాపాడాలో తేల్చుకోండి

అరవై దాటినవాళ్లు, షుగర్, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, గర్భిణులు. వీళ్ల పేర్లు నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. ఒక్కొక్కరి పేరు పక్కన వాడే మందులు, చూసే డాక్టర్ నంబరు, బాగున్న రోజున ఆక్సిజన్ ఎంత ఉందో రాయండి. ఈ చివరిది చాలామంది చేయరు. ఏళ్ల తరబడి బీడీలు తాగిన తాతకు మామూలు రోజున కూడా 94 ఉండొచ్చు. అది ముందే తెలియకపోతే జ్వరం వచ్చిన రోజున ఆ అంకె చూసి లేనిపోని టెన్షన్ పడతారు, లేదా పడాల్సినప్పుడు పడరు.

బూస్టర్ డోసు గురించి కూడా అడుగుతున్నారు. టీకా వల్ల ఇన్‌ఫెక్షన్ నుంచి వచ్చే రక్షణ కొన్ని నెలల్లో తగ్గుతుంది, జబ్బు ముదరకుండా కాచే శక్తి ఎక్కువ కాలం ఉంటుంది. ఈ జాబితాలో ఉన్నవాళ్లు మరో డోసు అవసరమా అని తమను చూసే డాక్టర్‌నే అడగాలి.

2. ఇంట్లో గాలి ఎటు పోతోందో ఊదుబత్తితో చూడండి

ఈ వైరస్ ముఖ్యంగా గాలిలోనే పాకుతుంది. 2020లో మనం కూరగాయలను ఉప్పునీళ్లలో నానబెట్టాం, గేటుకు శానిటైజర్ కొట్టాం, కిటికీలు మాత్రం మూసుకుని కూర్చున్నాం. ఈసారి కిటికీలతో మొదలుపెట్టండి.

ఎవరికైనా జ్వరమొస్తే పడుకోబెట్టాలనుకున్న గదిలో ఒక ఊదుబత్తి వెలిగించండి. పొగ కిటికీలోంచి బయటికి పోతే మంచిది. తలుపు సందులోంచి హాల్లోకి వస్తే రోగి వదిలిన గాలి కూడా అలాగే వస్తుంది. అప్పుడు టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ దగ్గర పెట్టి ముఖం బయటివైపు తిప్పండి, గాలిని బయటికి నెట్టేలా. మళ్లీ ఊదుబత్తితో చూడండి. పొగ దారి మారేదాకా ఫ్యాన్ జరుపుతూ ఉండండి. పది నిమిషాల పని. చూడటం అయ్యాక ఊదుబత్తి ఆర్పేయండి. దగ్గుతున్న మనిషి గదిలో పొగ ఉండకూడదు.

కూలర్ కిటికీకి బయటినుంచి బిగించి ఉంటే ఫరవాలేదు, అది బయటి గాలినే తెస్తుంది. దానికి ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. గది మధ్యలో పెట్టి తలుపులు మూసే కూలర్ లోపలి గాలినే తిప్పుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ కూడా అంతే.

విడిగా గది లేని ఇళ్లే ఎక్కువ. అలాంటప్పుడు రోగి మంచం కిటికీ పక్కకు జరపండి, మిగతావాళ్లు రాత్రి వరండాలోనో డాబా మీదో పడుకోండి. బాత్‌రూం ఒక్కటే ఉంటే పెద్దవాళ్లు ముందు పోవాలి, రోగి చివర. రోగి బయటికొచ్చాక బాత్‌రూం వెంటిలేటర్ తెరిచి ఉంచి కనీసం అరగంట ఖాళీగా వదిలేయండి.

3. మాస్క్ ముఖానికి అతుక్కుందో లేదో చూడండి

ఎన్95 పెట్టుకుని ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కండి. రెండు అరచేతులూ మాస్క్ అంచుల దగ్గర ఉంచి గట్టిగా ఊదండి. చేతికి గాలి తగిలితే అక్కడ సందు ఉన్నట్టు. కళ్లద్దాలకు ఆవిరి పడుతోందంటే ముక్కు దగ్గర సందు ఉందన్నమాట. గడ్డం దట్టంగా ఉంటే ఏ మాస్కూ సరిగ్గా కూర్చోదు. ముందు వాల్వ్ ఉన్న మాస్క్ కొనొద్దు, అది మీరు వదిలే గాలిని వడకట్టదు.

ఎన్95ను ఉతకొద్దు, శానిటైజర్ కొట్టొద్దు. ఐదు మాస్కులకు ఐదు కాగితం కవర్లు పెట్టుకుని రోజుకొకటి వాడండి. ఆరో రోజు మళ్లీ మొదటిది. తాడు వదులైనా, తడిసినా, మురికైనా పారేయండి. గుడ్డ మాస్కే ఉందంటే అసలు లేనిదానికన్నా నయం, కానీ రోగి గదిలోకి దాంతో పోవద్దు.

4. పెళ్లిళ్లు, బస్సులు, ఇంటికొచ్చే చుట్టాలు

అందరూ తడబడేది ఇక్కడే. మాస్క్ కొనడం తేలికే. మూడు వందల మంది కూర్చున్న ఫంక్షన్ హాల్లో మనం ఒక్కరమే పెట్టుకుని ఉండటం కష్టం. "ఏందమ్మా, ఇంకా కరోనా భయం పోలేదా?" అని ఎవరో ఒకరు నవ్వుతారు. దానికి జవాబు ఇంటి దగ్గరే అనుకుని పోండి. నేను చెప్పేది ఇదే: "మా అత్తమ్మకు గుండె ఆపరేషన్ అయింది చిన్నమ్మా, ఇంటికి ఏం మోసుకపోవద్దని పెట్టుకున్నా, ఏమనుకోకు." ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు. ఇద్దరు ముగ్గురైతే తమ బ్యాగులోంచి మాస్క్ తీసి పెట్టుకున్నారు.

ముహూర్తానికి పోయి అక్షింతలు వేసి రండి. తలుపు దగ్గర కూర్చోండి. ఏసీ హాలులో కూర్చుని తినేకన్నా భోజనం ఆరుబయట పెట్టిన చోట తినండి, లేదా ఇంటికొచ్చి తినండి. బతుకమ్మ ఆరుబయట ఆడతాం కాబట్టి అక్కడ ప్రమాదం తక్కువ. ఆడి వచ్చేటప్పుడు పది మంది ఒకే ఆటోలో ఇరుక్కునే ప్రయాణంలోనే ఎక్కువ. జాతరలకూ ఇదే లెక్క. బస్సులో కిటికీ సీటు చూసుకోండి, కిటికీ తెరవండి. పెద్దవాళ్లను రద్దీ లేని వేళ తీసుకుపోండి.

హైదరాబాద్ నుంచి పిల్లలు వస్తున్నారంటే బయల్దేరకముందే ఫోన్లో అడగండి: "ముక్కు కారుతోందా, గొంతు నొప్పి ఉందా?" ఉంటే తగ్గాక రమ్మనండి. అవ్వ మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా ఉండదు, మనం ఆపలేం కూడా. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ వైరస్ అంటుకుంటుంది కాబట్టి, బాగున్నామని వచ్చినవాళ్లు కూడా మొదటి రెండు మూడు రోజులు అవ్వతో వాకిట్లో కూర్చుని మాట్లాడటం మేలు.

5. టెస్ట్ ఎప్పుడు, ఎలా

గొంతు నొప్పి, జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు మొదలైన రోజే చేయండి. వారం తర్వాత చేస్తే ఉపయోగం తక్కువ. వైరస్ మీద నేరుగా పనిచేసే మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి, అవి ఎవరికి అవసరమో డాక్టర్ చెబుతారు.

చేతులు కడుక్కోండి. ముక్కు చీది శుభ్రం చేసుకోండి. పుల్లను కిట్ కాగితంలో చెప్పినంత లోపలికి పెట్టి, గోడకు తగిలేలా గుండ్రంగా తిప్పండి. రెండు ముక్కుల్లోనూ అదే పుల్లతో చేయాలి. ట్యూబులో ముంచి పిండి, చెప్పినన్ని చుక్కలే వేయండి. ఫోన్లో టైమర్ పెట్టండి. చాలా కిట్లలో 15 నిమిషాలకు చూడాలి, 20 దాటాక వచ్చిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు.

కిట్ మీద సి (C) అని రాసిన చోట గీత రాకపోతే కిట్ పనిచేయనట్టే, మళ్లీ చేయాలి. సి, టి (T) రెండు చోట్లా గీత ఉంటే పాజిటివ్. టి గీత సన్నగా, మసకగా ఉన్నా పాజిటివే. "కొంచెమే వచ్చింది, ఏం కాదు" అనుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

నెగిటివ్ వచ్చింది, లక్షణాలు మాత్రం ఉన్నాయి. అప్పుడు 48 గంటల తర్వాత మళ్లీ చేయండి, లేదా ల్యాబ్‌లో చేసే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేయించండి. అప్పటిదాకా పాజిటివ్ వచ్చినట్టే ఉండండి. టెస్ట్ ఎక్కడ చేస్తున్నారో మీ ఆశా కార్యకర్తను గానీ, దగ్గరి పీహెచ్‌సీ, బస్తీ దవాఖానలో గానీ అడగండి.

ఇంకో మాట. వానాకాలంలో మన జిల్లాల్లో డెంగీ, మలేరియా కూడా ఉంటాయి. కోవిడ్ నెగిటివ్ అని ఊరుకోవద్దు. జ్వరం రెండు రోజులు దాటితే ఆ రక్తపరీక్షలు చేయించండి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు, నొప్పి ఇంజక్షన్లు వద్దు. డెంగీలో అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

6. పాజిటివ్ వచ్చిన రోజు

రోగికి మాస్క్, విడి గది, తెరిచిన కిటికీ. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, అరవైలోపు వాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. గదిలోకి పోయేటప్పుడు ఇద్దరికీ మాస్క్. పళ్లెం, గ్లాసు మామూలు సబ్బుతో కడిగితే చాలు.

బీపీ, షుగర్, గుండె మందులు సొంతంగా ఆపొద్దు. ఇన్‌ఫెక్షన్‌లో షుగర్ పెరుగుతుంది కాబట్టి రోజూ చూడండి. జావ, గటక, పప్పుచారు, మజ్జిగ, ఏది దిగితే అది కొంచెం కొంచెం పెట్టండి. మూత్రం తగ్గిందా, ముదురు రంగులో వస్తోందా అని పెద్దవాళ్లను అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. డయాలసిస్ ఉన్నవాళ్లు సెంటర్‌కు ముందే ఫోన్ చేసి పాజిటివ్ అని చెప్పి ఎప్పుడు రావాలో కనుక్కోండి. డయాలసిస్ మాత్రం మానొద్దు.

ఉదయం, మధ్యాహ్నం, రాత్రి నోట్‌బుక్‌లో ఐదు రాయండి: సమయం, జ్వరం, ఆక్సిజన్, నాడి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు రోగికి చెప్పకండి, చెబితే ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, పొట్ట పైకి లేవడం నిమిషం పాటు లెక్కించండి. జ్వరాన్ని మాత్ర వేసే ముందే చూడాలి, వేడి టీ తాగిన వెంటనే నోట్లో పెట్టి చూడకూడదు.

7. ఆక్సీమీటర్ సరిగ్గా చదవడం

2021 మేలో నర్సంపేట దగ్గరి ఊర్లో మా మేనత్తకు జ్వరం. బావ పక్కింటి నుంచి ఆక్సీమీటర్ తెచ్చి రాత్రిపూట చూసి ఫోన్లో చెప్పాడు: "98 ఉంది, ఏం ఫికర్ లేదు." రెండు రోజులు అదే మాట. మూడో రోజు నేను పోయి చూస్తే మీటర్ తలకిందులుగా పెట్టి ఉంది. ఒక కాగితం మీద కాలిక్యులేటర్ అంకెల్లాగా 86 రాసి తిప్పి చూడండి, 98 కనిపిస్తుంది. చీకట్లో ఎర్రటి అంకెలే కనపడతాయి, వాటి పక్కన రాసిన చిన్న అక్షరాలు కనపడవు. అత్తను దవాఖానకు తీసుకుపోయాం. తిరిగి ఇంటికి రాలేదు. బావ తప్పేం లేదు, అతనికి ఎవరూ చూపించలేదు. అందుకే ఈ ఒక్క మెట్టు నెమ్మదిగా చదవండి.

చూసే ముందు రోగిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. గోళ్ల రంగు, గోరింటాకు ఉన్న వేలు వద్దు. పది వేళ్లకూ గోరింటాకు ఉంటే కాలి వేలికో చెవి తమ్మెకో పెట్టి సొంతంగా తేల్చుకోవద్దు, డాక్టర్‌కు చెప్పండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. గోరు పైకి ఉండేలా వేలు పూర్తిగా లోపలికి పెట్టించి, చెయ్యి గుండెల దగ్గర కదలకుండా ఉంచమనండి. అంకె కనపడగానే రాయొద్దు. నిమిషం ఆగి, స్థిరపడ్డాక రాయండి.

తెర మీద రెండు అంకెలుంటాయి. శాతం గుర్తు ఉన్నది ఆక్సిజన్, రెండోది నాడి. నాడి 98 చూసి ఆక్సిజన్ అనుకోవడం కూడా మామూలుగా జరిగే పొరపాటే. అనుమానం వస్తే అదే మీటర్‌ను ఆరోగ్యంగా ఉన్న మీ వేలికి పెట్టి చూడండి. ముదురు రంగు చర్మం మీద కొన్ని మీటర్లు ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి 94, 95 దగ్గర ఆడుతూ మనిషి ఆయాసపడుతుంటే అంకెను కాదు, మనిషిని నమ్మండి.

తేలిగ్గా నడవగలిగేవాళ్లను ఆరు నిమిషాలు గదిలో నడిపించి మళ్లీ చూడండి. అరవై దాటినవాళ్లకు మూడు నిమిషాలు చాలు. మూడు పాయింట్ల కన్నా ఎక్కువ పడిపోయినా, 94 కన్నా తగ్గినా డాక్టర్‌తో మాట్లాడాలి. కూర్చున్నప్పుడే ఆయాసం ఉంటే ఈ నడక పరీక్ష వద్దు.

8. మందుల్లో చేసే తప్పులు

పెద్దవాళ్లకు పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. సర్ది మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. రెండూ వేసుకుంటే తెలియకుండానే డోసు రెట్టింపవుతుంది. షీటు వెనక చదవండి.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజక్షన్లు ఆక్సిజన్ తగ్గని మనిషికి వేస్తే మేలు లేదు, కీడు ఉంది. 2021లో షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్లు ఇష్టమొచ్చినట్టు వాడాకే బ్లాక్ ఫంగస్ అంతగా పెరిగింది. ఊర్లో ఎవరైనా "సెలైన్ పెట్టి ఒక సూది వేస్తే పొద్దుటికల్లా లేస్తాడు" అంటే ఆ సూది పేరు అడగండి. పేరు చెప్పకపోతే వేయించొద్దు.

ఆవిరి పడితే ముక్కు తేలికవుతుంది, వైరస్ చావదు. మరిగే గిన్నె ముందు పెద్దవాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టొద్దు, ఒళ్లు కాలుతుంది. కషాయం ఇష్టమైతే తాగండి, మందుల బదులు కాదు.

9. ఎప్పుడు ఆగకూడదు

ఆక్సిజన్ 93 లేదా తక్కువ ఉన్నా, ఊపిరి నిమిషానికి 24 దాటినా, జ్వరం మూడు రోజులకు తగ్గకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి. ఆక్సిజన్ 90 కన్నా తక్కువ, ఊపిరి 30 దాటడం, ఛాతీలో నొప్పి, పెదాలు నీలంగా మారడం, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పలవరింత, లేపితే లేవనంత మగత. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108. వరంగల్ చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎం. రాత్రిపూట అయితే ఎటు పోవాలి, బండి ఎవరిది అన్నది ఇవాళే అనుకుని గోడ మీద రాసి పెట్టండి. నోట్‌బుక్, మందుల చీటీలు వెంట తీసుకుపోండి.

బండి వచ్చేలోపు రోగి మెలకువగా ఉంటే, ఇబ్బంది లేకపోతే బోర్లా పడుకోబెట్టండి. గర్భిణులను కాదు.

మొదటి మూడు రోజులు బాగున్నారని నోట్‌బుక్ ఆపేయొద్దు. ముదిరేది చాలాసార్లు ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య.

10. ఎప్పుడు బయటికి రావచ్చు

పాజిటివ్ వచ్చి ఏడు రోజులు గడిచి, మాత్ర లేకుండా వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే. ఆ తర్వాత కూడా పదో రోజు దాకా ఇంట్లో మాస్క్ పెట్టుకోండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టర్‌ను అడగాలి. దగ్గు రెండు వారాలు దాటితే కోవిడ్ మీదకు నెట్టేయకుండా టీబీ పరీక్ష చేయించండి, సర్కారు దవాఖానల్లో ఉచితం.

వాడిన కిట్లను, మాస్కులను కవర్లో కట్టి పారేయండి. ఆక్సీమీటర్‌ను తుడిచి బ్యాటరీలు తీసి పెట్టండి. రేపు పక్కింటివాళ్లు అడుగుతారు, ఇవ్వండి. ఇచ్చే ముందు తెరకు పై వైపున మార్కర్‌తో బాణం గుర్తు గీసి, తీసుకునే మనిషి వేలికే ఒకసారి పెట్టి, ఏ అంకె ఆక్సిజనో వాళ్ల నోటితో చెప్పించుకుని ఇవ్వండి.